ఆపి చూసిన సినిమా

పుస్తకం చదివే మనిషికి శతాబ్దాలుగా ఉన్న ఒక స్వేచ్ఛ సినిమా చూసే మనిషికి ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదం దాకా దక్కలేదు. చదువరి నచ్చిన పుట దగ్గర ఆగవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, పక్కనున్నవారికి చూపి వాదించవచ్చు, పదేళ్ల తర్వాత అదే పుట తెరచి తన పాత అభిప్రాయం నిలబడేదో కాదో తేల్చుకోవచ్చు. ప్రేక్షకుడు మాత్రం చీకటి గదిలో ప్రొజెక్టర్ వేగానికి లోబడి కూర్చొని, ఆట ముగిశాక జ్ఞాపకం తప్ప మరేదీ వెంట తీసుకుపోలేకుండా బయటికి నడిచేవాడు. 1975లో బీటామ్యాక్స్, 1976లో వీహెచ్ఎస్ అనే రెండు రకాల క్యాసెట్లు జపాన్ మార్కెట్లోకి రావడంతో ఈ స్థితి మారడం మొదలైంది. సినిమా ఇంటి అలమరలోకి చేరగల వస్తువైంది. ఆ మార్పు అన్నిచోట్లా ఒకే రూపంలో జరగలేదు. పాశ్చాత్య నగరాల్లో అది ప్రధానంగా వ్యక్తిగత సేకరణగా వికసించగా, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అంతకుముందే వేళ్లూనిన ఫిల్మ్ సొసైటీ సంస్కృతి మీదికి వచ్చి చేరింది కాబట్టి, ఇక్కడ సినిమాను సేకరించడమూ దాన్ని నలుగురికి విప్పి చెప్పడమూ విడదీయరాని ఒకే పనిగా సాగాయి. ఈ ప్రాంతపు సినీ సంస్కృతికి అదే అసలు బలం.

ఫిల్మ్ సొసైటీ అంటే మామూలు థియేటర్లకు రాని దేశవిదేశాల ఉత్తమ చిత్రాలను సభ్యుల చందాతో తెప్పించి, చూసి, చర్చించుకొనే సంఘం. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు 1947లో కలకత్తాలో ప్రారంభించిన సొసైటీ ఈ ఉద్యమానికి దారి వేసింది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం డిసీకా, కురొసావా వంటి దర్శకులను మన నగరాలకు పరిచయం చేసింది. 1959లో సొసైటీలన్నీ రాయ్ అధ్యక్షతన ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1964లో పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం వెలిసి, పి.కె. నాయర్ అనే అసాధారణమైన సేకర్త చేతిలో పెరిగి, దూరపు పట్టణాల సొసైటీలకు సైతం ప్రింట్లు అరువిచ్చే స్థాయికి చేరింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విద్యార్థిగా ఉన్న కాలంలోనే శ్యామ్ బెనెగల్ ఇటువంటి సొసైటీకి పూనుకోవడం, అనంతరం ‘అంకుర్’, ‘నిశాంత్’ చిత్రాలకు తెలంగాణ పల్లెనే నేపథ్యంగా ఎంచుకోవడం ఈ కథలో ఒక ముఖ్యమైన మలుపు.

కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ 1970ల చివర రూపుదిద్దుకొంది. ఆ కాలాన్ని తలచుకుంటే తప్ప దాని ప్రాముఖ్యం బోధపడదు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతుకూలీలు దొరల భూములను, వెట్టిచాకిరిని ప్రశ్నించి కదిలిన కాలమది. 1978లో ఆ రెండు తాలూకాలనూ ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నలుగురు ఒకచోట గుమిగూడడమే అనుమానానికి తావిచ్చే రోజుల్లో ఒక జిల్లా కేంద్రంలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడి పరాయి దేశపు సినిమా చూసి దాని గురించి మాట్లాడుకోవడం చిన్న సంగతి కాదు. రవాణా కూడా తేలిక కాదు: కాజీపేట నుంచి బల్లార్షా పోయే ప్రధాన రైలుమార్గం పెద్దపల్లి మీదుగా సాగిపోయేదే తప్ప కరీంనగర్ పట్టణాన్ని చాలాకాలం తాకలేదు కనుక, రేకు డబ్బాల్లో వచ్చే రీళ్లను రోడ్డు మార్గాన మోసుకురావలసిందే. అటువంటి సొసైటీ కాలక్రమంలో ఫిల్మ్ భవన్ పేరుతో సొంత గూడు ఏర్పరచుకోవడం, ఆ గూడు సినిమాలకే కాక పట్టణంలోని సాహిత్య సభలకు సైతం వేదిక కావడం తెలుగు నేల మీద అరుదైన విషయం. ఆ ఉద్యమంలో ముందు నిలిచినవారిలో ఒకరైన వారాల ఆనంద్ వృత్తిరీత్యా గ్రంథాలయాధికారి, ప్రవృత్తిరీత్యా కవి, సినీ విమర్శకుడు. గుల్జార్ కవితలను ‘ఆకుపచ్చ కవితలు’గా తెలుగు చేసి 2022 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందినవారు. గ్రంథాలయాధికారి, అనువాదకుడు, సినిమా మనిషి ఒకే వ్యక్తిలో కలవడాన్ని యాదృచ్ఛికంగా కొట్టివేయడానికి లేదు, ఎందుకంటే భద్రపరచడం, తెలుగులో చెప్పడం, చూపించడం అనే మూడు పనులూ ఈ ప్రాంతపు సినీ సంస్కృతిలో మొదటినుంచీ ఒకదానినొకటి ఆశ్రయించుకొనే నడిచాయి.

ఆనాటి ప్రదర్శన ఎక్కువగా పదహారు మిల్లీమీటర్ల ఫిల్ముతో జరిగేది. థియేటర్లలో అప్పట్లో వాడిన ముప్పైఐదు మిల్లీమీటర్ల ఫిల్ము కన్నా ఇది వెడల్పు తక్కువ, బరువు తక్కువ. ఏ సభామందిరంలోనైనా ఒక తెల్లని గుడ్డ మీద చూపవచ్చు. పదహారు వందల అడుగుల రీలు సుమారు నలభై నాలుగు నిమిషాలు నడుస్తుంది. ఒకే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు ముగిసినప్పుడల్లా దీపాలు వెలిగించి కొత్త రీలు ఎక్కించవలసి వచ్చేది. దర్శకుడు ఉద్దేశించని ఈ విరామం సినిమా ధారను తెంచిన మాట నిజమే అయినా, అర్థం కాని సంగతిని పక్కవారిని అడిగి తెలుసుకొనే వీలు అక్కడే దొరికేది. చిత్రం ముగిశాక సాగే చర్చ మాత్రం పూర్తిగా జ్ఞాపకం మీద ఆధారపడేది. డబ్బాలు మరునాడే మరో ఊరికి పోవాలి. ఒక దృశ్యంలో కెమెరా కదిలిందా నిలిచిందా అన్న వివాదం పుడితే తేల్చుకోవడానికి సాక్ష్యం ఉండదు. ఆ తరం రాసిన సినిమా వ్యాసాల్లో కథ, భావం, సామాజికార్థం విస్తారంగా కనిపించి, దృశ్య నిర్మాణం గురించిన సూక్ష్మ పరిశీలన అంతగా కనిపించకపోవడానికి ఇదొక కారణం. అది వారి దృష్టిలోపం కానేకాదు, మళ్లీ చూసే అవకాశం లేకపోవడం.

దీనికి తోడు భాష ఉంది. జపనీస్ సినిమా మాటలు ఆ భాషలో వినిపిస్తాయి. కింద ఇంగ్లిషులో ఉపశీర్షికలు, అంటే సంభాషణల సారాన్ని అచ్చులో చూపే వాక్యాలు, రెండు మూడు క్షణాలు నిలిచి మాయమవుతాయి. చూసే మనిషి ఆలోచన తెలుగులో సాగుతుంది. ఇంగ్లిషు ధారాళంగా చదవగలవారికి సైతం వాక్యం చదివేలోగా ముఖం మీది భావం చేజారుతుంది. చదవలేనివారికి చిత్రం సగమే దక్కుతుంది. అందువల్ల సినిమాకు ముందు కథను, దేశకాలాలను తెలుగులో చెప్పే మనిషి ఒకరు తప్పనిసరి అవుతాడు. సినిమా శుద్ధరూపాన్ని ఆరాధించేవారికి ఇది లోపంగా తోచవచ్చు. కథ ముందే చెబితే ఇక చూడడానికేముందని అడగవచ్చు. కానీ తెలంగాణ కథన సంప్రదాయాలు వేరే సమాధానం ఇస్తాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసిన పొడవైన పటాన్ని కథకుడు వరుసవరుసగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి పుల్లతో చూపుతూ, పాడుతూ, వివరిస్తూ కులపురాణం చెబుతాడు: పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇలా చెప్పేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పర్ధానులు కిక్రి వాయిస్తూ వంశగాథలు వినిపించే పద్ధతిలోనూ వినేవారికి కథ ముందే తెలుసు. కథ తెలిసిన ప్రేక్షకుడు తర్వాత ఏమవుతుందన్న ఆత్రుత నుంచి విడుదలై, ఎలా చెబుతున్నారన్న దాని మీద మనసు నిలుపుతాడు. గొప్ప చిత్రాలు కోరే శ్రద్ధ ఇటువంటిదే.

జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి బొమ్మకు మాట ఇచ్చే బెన్షి అనే వ్యాఖ్యాతలు ఉండేవారు. ప్రేక్షకులు నటుల కోసం వచ్చినట్టే ఫలానా బెన్షి కోసమూ వచ్చేవారు. అకిరా కురొసావా అన్న హెయిగో అటువంటి వ్యాఖ్యాతే. తమ్ముడికి విదేశీ చిత్రాల పరిచయం అన్న ద్వారానే కలిగింది. ఆ చీకటి గదుల్లో అన్న వెంట కూర్చొని సినిమా నేర్చుకొన్న తమ్ముడి చిత్రాలను కరీంనగర్‌లో మరొక వ్యాఖ్యాత తెలుగులో పరిచయం చేయడం వెనుక ఒక న్యాయం ఉంది.

ఇక వీడియో ఈ ప్రాంతానికి వచ్చిన దారి చూడాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పరిసరాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కార్మికులు సెలవుల్లో తెచ్చిన వస్తువుల్లో టేప్‌రికార్డర్లతో పాటు వీసీఆర్‌లు ఉండేవి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంగా రంగుల టెలివిజన్ రావడంతో వాటికి ఉపయోగం పెరిగింది. ఒక రాత్రికి టీవీ, వీసీఆర్, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి అద్దెకిచ్చే దుకాణాలు చిన్న పట్టణాల్లో కూడా వెలిశాయి. ఆ దుకాణాల అరల్లో డిసీకా, బెర్గ్‌మన్ వంటి దర్శకుల చిత్రాలు దొరికేవి కావు. కానీ యంత్రం ఊళ్లోకి వచ్చిన తర్వాత దాన్ని దేనికి వాడాలన్నది చూసేవారి చేతిలోని విషయం. దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాల్లో ప్రాంతీయ భాషల పురస్కార చిత్రాలు ప్రసారం చేసినప్పుడు వాటిని ఖాళీ క్యాసెట్ల మీద నమోదు చేసుకోవడం అభిరుచి గలవారికి తొలి సేకరణ మార్గమైంది. బెంగాలీ, మలయాళ, కన్నడ చిత్రాలు, మధ్యలో వార్తల అంతరాయంతో సహా, అలా ఇళ్లలో నిలిచాయి. ఎవరో దేశాంతరంలో కష్టపడి సంపాదించి తెచ్చిన యంత్రం ఇక్కడ కళాభ్యాసానికి పరికరమైందన్న సంగతిని తెలుగు సినిమా చరిత్ర రాసేవారు విస్మరించకూడదు.

ఆ యంత్రం ఇచ్చిన అసలు వరం ఆపివేత. రిమోట్ మీద ఒక మీట నొక్కితే కదిలే బొమ్మ నిలుస్తుంది. నిజానికి వీహెచ్ఎస్ క్యాసెట్టులో నిలిచిన బొమ్మ శుభ్రంగా ఉండేది కాదు. అడ్డగీతలు పడేవి, వణికేది, టేపు ఒకేచోట అరిగిపోకుండా యంత్రం కొన్ని నిమిషాలకే తనంతట తానే ఆపివేతను రద్దు చేసేది. అయినా ఆ కొన్ని నిమిషాలు చాలు. చర్చ సినిమా అయిపోయిన తర్వాతి స్థానం నుంచి సినిమా లోపలికి ప్రవేశించింది. పటం ముందు నిలిచిన కథకుడికి ఉన్న వెసులుబాటు తొలిసారిగా సినిమా వ్యాఖ్యాతకు లభించింది.

ఉదాహరణకు విత్తోరియో డిసీకా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను తీసుకోవచ్చు. యుద్ధానంతర రోమ్‌లో గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం రావాలంటే సైకిలు ఉండాలి. సైకిలు కుదువలో ఉంది. దాన్ని విడిపించడానికి భార్య ఇంట్లోని పడక దుప్పట్లు తీసి మూటగట్టి కుదువపెడుతుంది. ఆ మూటను గుమాస్తా తీసుకొని అరల మీదికి ఎక్కుతుంటే కెమెరా అతని వెంట పైపైకి చూస్తుంది. నడుస్తున్న సినిమాలో ఇది కొన్ని క్షణాల వ్యవహారం. అక్కడ ఆపి చూస్తే, ఆ అరలన్నీ అటువంటి దుప్పటి మూటలేనని, అంటే ఊరుఊరంతా పడకలు ఖాళీ చేసుకొని బతుకుతోందని, ఒక్క మాట లేకుండా దర్శకుడు చెప్పిన సంగతి కళ్లకు కడుతుంది. మరమగ్గాల పట్టణమైన సిరిసిల్లలో, పనిముట్టుకూ కూలికీ అప్పుకూ ఉన్న ముడి ప్రతి ఇంటికీ అనుభవమైన చోట, ఈ బొమ్మకు వివరణ అవసరం లేదు. దాన్ని నిలిపి చూపితే చాలు. విదేశీ చిత్రం పరాయిదిగా ఉండడం మానేసే ఘడియ ఇది. నియోరియలిజం, అంటే వృత్తినటులను, స్టూడియోలను వీలైనంత దూరం పెట్టి వీధుల్లోని జీవితాన్ని తెరకెక్కించిన ఇటలీ ధోరణి, ఈ ప్రాంతంలో నిర్వచనాల కన్నా ఇటువంటి దృశ్యాల ద్వారానే త్వరగా బోధపడుతుంది.

కురొసావా ‘సెవెన్ సమురాయ్’ (1954) విషయమూ అంతే. బందిపోట్ల నుంచి పంటను కాపాడుకోవడానికి రైతులు కూలికి యోధులను తెచ్చుకొనే ఈ కథలో, రైతులు అమాయకులు కారని, ధాన్యం దాచుతారని, అవకాశం దొరికితే గాయపడిన యోధులను చంపి ఆయుధాలు దోచుకొన్నారని తెలిసి సమురాయ్‌లు కోపగించినప్పుడు, రైతుబిడ్డగా పుట్టిన కికుచియో వారి మీద విరుచుకుపడతాడు: రైతులను అలా తయారుచేసింది ఎవరని నిలదీస్తాడు. దొరల కోటల వంటి గడీల కింద నలిగిన పల్లెల జ్ఞాపకం ఉన్న ప్రేక్షకుడు ఆ ప్రసంగాన్ని వినోద చిత్రంలోని ఆవేశ ఘట్టంగా దాటిపోలేడు. యుద్ధం ముగిశాక నాట్లు వేసే రైతులను, మట్టిదిబ్బల కింది మృత యోధులను పక్కపక్కన చూపే ముగింపు ఎవరి పక్షం వహిస్తోందన్న ప్రశ్నకు ఇక్కడ జపాన్‌లో వచ్చే సమాధానమే రావాలని లేదు.

అయితే ఆపివేత వరమే కాదు, హాని కూడా. యసుజిరో ఒజు ‘టోక్యో స్టోరీ’ (1953)లో పిల్లలను చూడడానికి నగరానికి వచ్చిన వృద్ధ దంపతులు, వారికి తీరిక చేసుకోలేని సంతానం, ఆప్యాయంగా చూసుకొనే వితంతువైన కోడలు తప్ప సంఘటనలంటూ ఎక్కువ లేవు. నేలకు దగ్గరగా, తక్కువ ఎత్తున నిలిచిన కెమెరా దాదాపు కదలదు. సన్నివేశాల నడుమ మనుషులు లేని వీధులు, పొగగొట్టాలు కొన్ని క్షణాలు నిలుస్తాయి. ఆ నిశ్చలమైన కాలాన్ని ప్రేక్షకుడు భరించడమే ఆ చిత్రపు అర్థంలో భాగం. అటువంటి చోట ఆపి మాట్లాడడమంటే దర్శకుడు కూడబెట్టిన నిశ్శబ్దాన్ని ఖర్చు చేసివేయడమే. మొదటిసారి ఆపకుండా చూడడం, రెండోసారి ఆపి చర్చించడం అనే క్రమం దీనికి తగిన పరిష్కారం. ఆ క్రమానికి రెండుసార్లు చూడగల ప్రతి ఒకటి చేతిలో ఉండాలి, అంటే సేకరణ ఉండాలి. సేకరణకు అసలు సమర్థన ఇదే: చాలా చిత్రాలు దగ్గర ఉండడం కాదు, ఒక చిత్రానికి తిరిగి వెళ్లగలగడం.

దగ్గర ఉన్న ప్రతి ఎటువంటిదన్న ప్రశ్న అప్పుడు ముందుకు వస్తుంది. ఫిల్ము సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల లెక్కన తీస్తారు. భారతదేశంలోనూ ఐరోపాలోనూ వాడిన పాల్ అనే టెలివిజన్ పద్ధతి సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు చూపుతుంది. అందువల్ల పాల్ డిస్కులో సినిమా కొద్దిగా వేగంగా నడిచి, 136 నిమిషాల ‘టోక్యో స్టోరీ’ దాదాపు అయిదున్నర నిమిషాలు ముందుగానే ముగుస్తుంది. ఒజు లాంటి దర్శకుడి విషయంలో ఇది ఉపేక్షించదగిన తేడా కాదు. 1990ల చివర విరివిగా వచ్చిన వీసీడీలో బొమ్మ నాణ్యత వీడియో క్యాసెట్టుకు దగ్గరగానే ఉండేది. ఒక్కో సీడీలో సుమారు 74 నిమిషాలే పడతాయి కాబట్టి సినిమా రెండు మూడు ముక్కలై, తెగరాని చోట తెగేది. తర్వాతి డీవీడీ స్పష్టతను పెంచింది, ఉపశీర్షికలను కావాలంటే కనిపించేలా వద్దంటే మాయమయ్యేలా చేసింది, విమర్శకుల మాటలను ప్రత్యేక ధ్వనిమార్గంలో వినే ఏర్పాటు తెచ్చింది. బెన్షి ఇలా డిస్కులోకి ప్రవేశించాడు, కానీ ఇంగ్లిషులో. పైగా ప్రాంత సంకేతాల అడ్డు ఒకటి ఉంది: డీవీడీ సంస్థలు ప్రపంచాన్ని మండలాలుగా విభజించి భారతదేశాన్ని అయిదో మండలంలో ఉంచాయి, అమెరికా బంధువులు పంపిన ఒకటో మండలపు డిస్కు ఇక్కడి మామూలు యంత్రంలో ఆడదు. అన్ని మండలాలకూ తెరుచుకొనే యంత్రం ఎవరి ఇంట ఉందో వారి ఇల్లే చిన్న సొసైటీ అయ్యేది.

నిడివి మరో పరీక్ష. ‘సెవెన్ సమురాయ్’ పూర్తి రూపం 207 నిమిషాలు. విదేశాల్లో చాలాకాలం తిరిగింది కుదించిన ప్రతులే. అట్టమీది నిమిషాల సంఖ్య చూడకుండా డిస్కు కొన్నవారు మరొక సినిమాను కొన్నట్టే. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ‘మాయాబజార్’: 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లో వెలుగునీడలను లెక్కగట్టి తీసిన ఆ చిత్రాన్ని 2010లో రంగులద్ది విడుదల చేశారు. కొత్త తరం దాన్ని థియేటర్లో చూడగలిగిందన్న సంతోషం ఉన్నా, ఛాయాగ్రాహకుడు ఎన్నడూ తీయని బొమ్మను అతని పేర చూపడం సమంజసం కాదు. నలుపు తెలుపు ప్రతిని సంపాదించి, అదే అసలు చిత్రమని పిల్లలకు చూపేవారు పెద్ద సేవ చేస్తున్నట్టే లెక్క.

2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టడంతో సొంత ప్రతి అన్న భావన బడిపంతులు జీతానికి అందుబాటులోకి వచ్చింది. ఆ పరిసర సంవత్సరాల్లోనే ప్రపంచ సినిమాను భారతీయ డీవీడీలుగా తెచ్చే ప్రయత్నాలూ జరిగాయి. అవి ఎక్కువకాలం నిలవలేదు. చౌకడిస్కుల సంస్థ కూడా 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది. నకిలీ డిస్కుల సంగతి దాచవలసినది కాదు: అధికారికంగా రాని చిత్రాలు అనధికారికంగానే వచ్చాయి, వాటి వల్ల ఆ కళాకారులకు పైసా చేరలేదు. నేర్చుకోవాలన్న ఆకలి ఈ అన్యాయాన్ని రద్దు చేయదు. చట్టబద్ధమైన దారి చూపని పంపిణీ వ్యవస్థ కూడా ఆ బాధ్యతలో భాగం పంచుకోవాలి.

సేకర్త అన్న పేరుకు ఎవరు తగుతారు? అరల నిండా విప్పని డబ్బాలు పేర్చుకొన్నవారు ఆ వస్తువులకు యజమానులు మాత్రమే. అరువిచ్చేవాడు, అరువు తీసుకొన్నవారితో మాట్లాడేవాడు, ఏ ప్రతిలో ఏ దృశ్యం లోపించిందో గుర్తుపెట్టుకొన్నవాడు సేకర్త. ఇచ్చిన డిస్కు గీతలు పడి తిరిగి వస్తుంది, కొన్ని తిరిగి రానే రావు. ఆ నష్టానికి సిద్ధపడనివారు ఈ పనికి రారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గు పట్టణాల్లో గని షిఫ్టులకు అనుగుణంగా జీవితం సాగే చోట ప్రదర్శన వేళకు అందరూ రాలేరు. చేతులు మారే డిస్కు ఒక్కటే వారందరినీ ఒక చర్చలో కలపగలదు.

పరాయి చిత్రాలకు దొరికిన ఆదరణ పక్కన సొంత వారసత్వపు స్థితిని పెట్టి చూస్తే బాధ కలుగుతుంది. రాయ్ అపు చిత్రత్రయం నెగెటివులు 1993లో లండన్ ప్రయోగశాల అగ్నిప్రమాదంలో కాలిపోతే, మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యా నిపుణులు చేతులతో అతికి, వేరే ప్రతులతో పూరించి 2015 నాటికి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి చేరి, మూకీల కాలం నుంచి దశాబ్దాల పాటు నటించి, 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన పైడి జైరాజ్ తొలినాళ్ల మూకీలను చూడాలని ఆయన పుట్టిన ఊరివారు కోరుకొంటే చూపగల డిస్కు లేదు. ఆ కాలపు భారతీయ మూకీల్లో అత్యధిక భాగం నశించింది. ఆదిలాబాద్ విషయం మరో తీరు: 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని నమోదు చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఛాయాచిత్రాల సంపద లండన్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో భద్రంగా ఉంది, ఆ బొమ్మల్లోని మనుషుల మనుమలు మాత్రం ఇక్కడ ఉన్నారు. కొమురం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన చిత్రం థియేటర్లకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

యంత్రాలు కూడా వెళ్లిపోతున్నాయి. వీసీఆర్‌లు తయారుచేసే చివరి జపాన్ కంపెనీ 2016లో ఆ పని ఆపింది. క్యాసెట్లకు బూజు, డిస్కులకు పొర ఊడడం తప్పవు. అంతర్జాల ప్రసార వేదికలు వాటిని పూర్తిగా భర్తీ చేయలేవు, ఎందుకంటే అక్కడ చిత్రం హక్కుల గడువు ఉన్నంతకాలమే ఉంటుంది, చందాదారుడి చేతిలో ఏదీ మిగలదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ (2023)ను ఇంట్లో ఫోన్ మీద చూసే వీలుండగానే తెలంగాణ పల్లెలు కూడళ్లలో తెర కట్టుకొని కలిసి చూసి కలిసి ఏడ్చాయి. కలిసి చూడాలన్న కోరిక చావలేదు కాబట్టి, జిల్లా గ్రంథాలయాలు సినిమాను పుస్తకంతో సమానంగా స్వీకరించి, ఇళ్లలో మిగిలిన క్యాసెట్లను, డిస్కులను, వాటితోపాటు సొసైటీల కరపత్రాలను, చర్చల రాతలను సేకరించడం ఇప్పుడు సాధ్యమైన పని. ప్రతి విదేశీ చిత్రానికి తెలుగు ఉపశీర్షికలు రాయడం అంతకన్నా అవసరం.

సినిమాను ఆపి చూస్తూ తెలుగులో వ్యాఖ్యానం నమోదు చేసే పనిని మొదలుపెట్టవలసిన చిత్రం మాత్రం ‘దాసి’. బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ చిత్రం గడీలో దాసిగా బతికే కమలాక్షి కథ. అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో సహా అయిదు జాతీయ పురస్కారాలు పొందింది, 1989లో మాస్కో ఉత్సవంలో గుర్తింపు పొందింది. దాని కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారం అందుకొన్న తోట వైకుంఠం ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు; ఆయన పటాల్లోని తెలంగాణ స్త్రీల ముదురు రంగులను ఎరిగినవారు ‘దాసి’లోని ఏ బొమ్మ దగ్గర ఆపినా చర్చించడానికి విషయం దొరుకుతుంది. గడీ గోడల రంగు ఎలా ఎంచారు, నూనె దీపపు వెలుతురును అపూర్వ కిశోర్ బీర్ కెమెరా ఎలా పట్టింది, ఆ చీరల నేత ఎక్కడిది, ఆ సామానులో ఏది తయారుచేసినది, ఏది పాత ఇళ్ల నుంచి తెచ్చినది: ఈ ప్రశ్నలకు సమాధానాలు ఆ చిత్రానికి పనిచేసినవారి నోటనే, దృశ్యాలను ఒక్కొక్కటిగా నిలుపుతూ, తెలుగులో నమోదు కావాలి. దానికి కావలసింది మంచి ప్రతి ఒకటి, ధ్వని నమోదు చేయగల ఫోను ఒకటి, గడీల కాలం తెలిసిన పెద్దలు నలుగురు, అడగవలసిన ప్రశ్నలు ముందే రాసుకొన్న యువకులు ఇద్దరు.